స్పీడ్ టెస్ట్‌లో 150 ఎంబీపీఎస్, ఆటలో మాత్రం లాగ్: దూరంగా ఉన్న పీసీతో గేమ్ ఆడేవాళ్లకు

ప్రశ్న క్లుప్తంగా: "హైదరాబాద్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో పీజీ హాస్టల్. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న నా డెస్క్‌టాప్ విజయవాడలో ఇంటి దగ్గర ఉంది. ఆటని వీడియోగా పంపే సన్‌షైన్ దాంట్లో, ఆ వీడియోని అందుకునే మూన్‌లైట్ ఇక్కడి పాత లాప్‌టాప్‌లో వేసుకుని, రెండింటినీ నెట్ మీద ప్రైవేటుగా కలిపే టెయిల్‌స్కేల్ ద్వారా ఆడుతున్నాను. రెండు చోట్లా స్పీడ్ టెస్ట్ 150 ఎంబీపీఎస్ చూపిస్తోంది. అయినా బొమ్మ ఆగి ఆగి వస్తోంది, బటన్ నొక్కిన కాసేపటికి గానీ కదలదు. 300 ప్లాన్‌కి మారితే బాగవుతుందా? లేక ఇదంతా మానేసి క్లౌడ్ గేమింగ్ చందా కట్టాలా? లక్ష పెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొనాలా?"

జవాబు:

ముందు 300 ప్లాన్ సంగతి తేల్చేద్దాం. మారకండి. మూన్‌లైట్‌లో 1080పీ, 60 ఫ్రేములకు మామూలుగా ఉండే సెట్టింగ్ 20 ఎంబీపీఎస్. మీ దగ్గర ఉన్న 150లో ఏడో వంతు కూడా వాడుకోవడం లేదు. ఇంకో 150 కొని తెచ్చినా అది అలా పడి ఉంటుందంతే. నేను చాలా ఏళ్లుగా లైవ్ వీడియో ఎన్‌కోడింగ్ పనిలో ఉన్నాను, ఇంట్లో గేమ్ స్ట్రీమింగ్ కూడా అప్పటి నుంచే నడుస్తోంది. నన్ను ఈ విషయం అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదట చేసే పని ప్లాన్ పెంచడమే. డబ్బు పోతుంది, లాగ్ అక్కడే ఉంటుంది.

స్పీడ్ టెస్ట్ పది పదిహేను సెకన్లలో మొత్తం ఎంత డేటా వచ్చిందో లెక్కగట్టి సగటు చెబుతుంది. ఆ మధ్యలో పావు సెకను ఏమీ రాకపోయినా దానికి పట్టదు. సినిమా చూసేటప్పుడు మీకూ పట్టదు, ఎందుకంటే ఓటీటీ యాప్ ముందుగానే చాలా సెకన్ల వీడియో తెచ్చి దాచుకుంటుంది. ఆటలో అలా దాచుకోవడానికి ఏముంది? మీరు బటన్ నొక్కితేనే తర్వాతి బొమ్మ ఏమిటో తేలుతుంది. 60 ఫ్రేముల ఆటలో ప్రతి బొమ్మకూ ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపు రాని ఫ్రేము వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఇందులో ఎంత పని జరుగుతోందో చూస్తే అసలు ఇది నడవడమే గొప్ప అనిపిస్తుంది. 1080పీ బొమ్మలు సెకనుకు 60 చొప్పున కుదించకుండా పంపాలంటే దాదాపు 3 జీబీపీఎస్ కావాలి. మీ గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ దాన్ని 20 ఎంబీపీఎస్‌కి, అంటే నూట యాభయ్యో వంతుకు తెస్తుంది. అది కూడా కొన్ని మిల్లీసెకన్లలో. సినిమాలను కుదించేటప్పుడు ముందు వెనక ఫ్రేములు రెండూ చూసి తీరిగ్గా పని చేస్తారు. ఇక్కడ రాబోయే ఫ్రేము ఇంకా పుట్టనే లేదు కాబట్టి వెనకటి వాటి మీదే ఆధారపడాలి. అంతా కుదించాక ఒక్కో ఫ్రేము సుమారు 40 కేబీ ఉంటుంది. నెట్‌లో అది ముప్పైకి పైగా చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది. ఇప్పుడు చిన్న లెక్క: ప్యాకెట్లలో 1 శాతం పోతే చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ముప్పైలో ఒక్కటి పోయినా ఆ ఫ్రేము దెబ్బతిన్నట్టే. ఆ లెక్కన నాలుగో వంతు ఫ్రేములకు దెబ్బ తగులుతుంది. అందుకే సన్‌షైన్ ముందుజాగ్రత్తగా 20 శాతం అదనపు ప్యాకెట్లు కలిపి పంపుతుంది, ఒకటీ అరా పోయినా మిగతావాటితో ఫ్రేము తిరిగి కట్టుకోవచ్చని. చెదురుమదురుగా పోతే ఈ ఏర్పాటు బాగానే కాపాడుతుంది. వైఫైలో ఇబ్బంది ఏమిటంటే ప్యాకెట్లు చెదురుగా పోవు, గుంపుగా పోతాయి.

ఆలస్యం ఎక్కడెక్కడ పుడుతుందో చెబుతాను. కంట్రోలర్ యూఎస్‌బీ తీగతో ఉంటే ఒకటి రెండు మిల్లీసెకన్లు, బ్లూటూత్ అయితే ఇంకాస్త. అది విజయవాడ చేరడానికి కొంత. అక్కడ ఆట మీ బటన్‌ని చదివి, లెక్కలు వేసి, బొమ్మ గీయడానికి రెండు మూడు ఫ్రేముల సమయం, అంటే 60 ఫ్రేముల ఆటలో 30 నుంచి 50 మిల్లీసెకన్లు. ఇది స్ట్రీమింగ్ వల్ల వచ్చింది కాదు, డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఆడినా ఉండేదే. తర్వాత ఎన్‌కోడింగ్ (కుదించడం), మళ్లీ దారి, ఇక్కడ డీకోడింగ్ (విప్పడం), చివరికి స్క్రీన్. అన్నీ సవ్యంగా ఉంటే మామూలుగా ఉండే ఆలస్యానికి స్ట్రీమింగ్ ఇంకో 30, 40 మిల్లీసెకన్లు కలుపుతుంది. కథ నడిపే ఆటల్లో అది తెలియదు కూడా. మీకు తెలుస్తోందంటే ఎక్కడో 100 దాటుతోంది, లేదా ఒకసారి 20, ఒకసారి 150 అవుతోంది. రెండోదే ఎక్కువ చికాకు. ఆలస్యం నిలకడగా ఉంటే చేతికి అలవాటవుతుంది, క్షణానికోలా మారితే అలవాటు కాదు.

దూరం గురించి మీకు బెంగ అక్కర్లేదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద 275 కిలోమీటర్లు అనుకున్నా, వెళ్లి రావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. (డాలస్‌లో చదువుకుంటున్న మా బంధువుల అబ్బాయి ఇక్కడి పీసీతో ఆడతానన్నాడు. 14 వేల కిలోమీటర్లు, కాంతికే రానూపోనూ 140 మిల్లీసెకన్లు, అసలు నెట్‌లో 200 పైనే. చదరంగం ఆడుకోమన్నాను.) కాకపోతే ప్యాకెట్లు రోడ్డు చూసుకుని వెళ్లవు. మీ హాస్టల్‌లో ఒక కంపెనీ నెట్, ఇంట్లో ఇంకో కంపెనీ నెట్ అయితే, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడికి వెళ్లి రావాలి. అది హైదరాబాద్‌లోనే కావచ్చు, చెన్నై కావచ్చు, ముంబై కావచ్చు. ముంబై చుట్టి వచ్చినా 30, 40 మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఆడుకోవచ్చు. రెండు చోట్లా ఒకే కంపెనీ అయితే తరచూ అంతకంటే తక్కువే ఉంటుంది.

మీ ప్రశ్నలో నాకు అనుమానం కలిగించిన మాట టెయిల్‌స్కేల్. అది మంచి సాధనం, మానమని చెప్పను. కానీ అది రెండు రకాలుగా కలుపుతుంది. కుదిరితే మీ లాప్‌టాప్‌ని, డెస్క్‌టాప్‌ని నేరుగా కలుపుతుంది. కుదరకపోతే డెర్ప్ అనే తమ రిలే సర్వర్ ద్వారా మళ్లిస్తుంది. రిలే అనేది కనెక్షన్ తెగకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు, గేమ్ వీడియో మోయడానికి కాదు. పైగా రిలే దారి టీసీపీ అనే డేటా పంపే పద్ధతి మీద నడుస్తుంది. టీసీపీకి ఒక పట్టుదల ఉంది: ఒక ప్యాకెట్ పోతే దాన్ని మళ్లీ తెప్పించుకునేదాకా వెనకొచ్చిన వాటిని ముందుకు వదలదు. ఫైల్ డౌన్‌లోడ్‌కి అది మంచిదే, గేమ్‌కి మాత్రం ప్రాణాంతకం. మూన్‌లైట్ వీడియోని యూడీపీలో, అంటే పోయిన ప్యాకెట్ కోసం ఆగని పద్ధతిలో పంపేదే ఆ బాధ లేకుండా ఉండటానికి. రిలేలో పడితే ఆ ప్రయోజనం పోతుంది.

లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి టెయిల్‌స్కేల్ స్టేటస్ కమాండ్ ఇవ్వండి. ఆట నడుస్తున్నప్పుడే ఇవ్వాలి. మీ డెస్క్‌టాప్ పేరు పక్కన డైరెక్ట్ అని ఉంటే సరే. రిలే అని ఉంటే సగం జబ్బు దొరికినట్టే. రిలేకి కారణం చాలాసార్లు సీజీనాట్. ఐపీవీ4 చిరునామాలు చాలక, నెట్ కంపెనీలు చాలా ఇళ్లను ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంచుతాయి. ఇంటి రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు చిరునామా) 10తోనో, 100.64 నుంచి 100.127 మధ్యలోనో మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. హాస్టల్ వైపు కూడా అదే ఉంటే రెండు వైపుల నుంచీ తలుపు మూసేసినట్టే. అప్పుడు ఖర్చు లేని దారి ఐపీవీ6, అంటే కొరత లేని కొత్త తరహా చిరునామాలు. ఇంటి రౌటర్‌లో ఐపీవీ6 ఆపేసి ఉంటే ఆన్ చేయించండి. రెండు వైపులా ఐపీవీ6 దొరికితే టెయిల్‌స్కేల్ దానంతట అదే నేరుగా కలుపుకుంటుంది. హాస్టల్ నెట్‌లో ఐపీవీ6 లేకపోతే ఒకసారి ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించి చూడండి, మొబైల్ నెట్‌లో చాలావరకు ఉంటుంది. ఏదీ కుదరకపోతే ఇంటి నెట్‌కి నెలకి కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని చిరునామా) తీసుకోవడమే. అలా తీసుకున్నా సన్‌షైన్ పోర్టులను బయటికి తెరిచి పెట్టకండి, ముఖ్యంగా దాని సెట్టింగుల పేజీ ఉండే 47990ని. టెయిల్‌స్కేల్‌నే వాడండి, నేరుగా కలిసే వీలు మాత్రం దానికి కల్పించండి.

ఇప్పుడు లోపం ఏ ముక్కలో ఉందో పట్టుకోవాలి. దానికి ఏ యాప్ అక్కర్లేదు. మూడు కమాండ్ విండోలు పక్కపక్కన తెరవండి. మొదటిదాంట్లో హాస్టల్ రౌటర్‌కి, రెండోదాంట్లో 8.8.8.8 లాంటి బయటి చిరునామాకి, మూడోదాంట్లో మీ డెస్క్‌టాప్ టెయిల్‌స్కేల్ చిరునామాకి ఆగకుండా పింగ్ వేయండి (చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంత పట్టిందో చూపే కమాండ్ అది). ఆట మొదలుపెట్టి, బొమ్మ ఆగిన క్షణంలో మూడు విండోలు చూడండి. రౌటర్ పింగ్ ఎప్పుడూ 1 నుంచి 3, మహా అయితే 5 మిల్లీసెకన్లు ఉండాలి. పది అడుగుల దూరంలో ఉన్న పెట్టె అది. అక్కడే 80, 120 అని ఎగురుతుంటే మిగతా రెండూ చూడనక్కర్లేదు, మీ శత్రువు వైఫై. రౌటర్ బాగుండి రెండోది ఎగిరితే హాస్టల్ నెట్ లైను. మొదటి రెండూ బాగుండి మూడోది మాత్రమే ఎగిరితే విజయవాడ ఇంటి నెట్, లేదా మధ్యలో దారి. ఈ పని రాత్రి తొమ్మిది, పది మధ్య చేయండి. పొద్దున్నే అందరి నెట్టూ బాగానే ఉంటుంది.

పీజీ అన్నారు కాబట్టి నా పందెం వైఫై మీదే. చాలా హాస్టళ్లలో ఫ్లోర్‌కి ఒక రౌటర్, దాని మీద పాతిక ఫోన్లు. వైఫైలో ఒక సమయంలో ఒక పరికరమే మాట్లాడగలదు, మిగతావి ఆగాలి. పక్క గదిలో దూరంగా, బలహీనమైన సిగ్నల్‌తో ఉన్న పాత ఫోన్ ఒకటి నెమ్మదిగా మాట్లాడుతుంటే, మీ లాప్‌టాప్ ఎంత వేగంగలదైనా తన వంతు కోసం ఆగాల్సిందే. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. కూకట్‌పల్లిలో ఒక బిల్డింగ్‌లో నిలబడి చూస్తే ముప్పై నెట్‌వర్క్‌లు ఆ మూడింట్లోనే కొట్టుకుంటుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. రౌటర్ గోడ అవతల ఉంటే అదీ బలహీనపడుతుంది. అందుకే వీలైతే కేబుల్. హాస్టల్ ఓనర్‌ని అడిగి క్యాట్ 6 కేబుల్ ఒకటి గదిలోకి లాక్కోనివ్వమనండి. మీరు 300 ప్లాన్‌కి పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఆ కేబుల్ మీద పెడితే చాలు. ఓనర్ ఒప్పుకోకపోతే 5జీ ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కి పెట్టి టెదరింగ్ చేసి చూడండి. కొన్ని ప్రాంతాల్లో అది హాస్టల్ వైఫై కంటే నిలకడగా ఉంటుంది. డేటా మాత్రం గుర్తుంచుకోండి: 20 ఎంబీపీఎస్ అంటే గంటకి 9 జీబీ. రోజుకి 2 జీబీ ప్లాన్ అయితే పదమూడు నిమిషాల్లో ఖాళీ.

ఇంకో రెండు చిన్న విషయాలు. ప్రతి నిమిషానికో, అరనిమిషానికో కచ్చితంగా ఒకసారి బొమ్మ ఆగుతుంటే, విండోస్ చుట్టుపక్కల వైఫై నెట్‌వర్క్‌లను వెతకడానికి వెళ్లి వస్తోందన్నమాట. లొకేషన్ సర్వీసు ఆపితే చాలావరకు తగ్గుతుంది. రెండోది బ్లూటూత్ హెడ్‌ఫోన్. అది 2.4 గిగాహెర్ట్జ్‌నే వాడుతుంది, శబ్దాన్ని ఆలస్యం కూడా చేస్తుంది. తుపాకీ పేలిన తర్వాత ఎప్పుడో శబ్దం వినిపిస్తే మనసు దాన్ని లాగ్‌గానే లెక్కేస్తుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూశాక మళ్లీ మాట్లాడండి.

మూడో పింగ్ ఎగిరితే చూడాల్సింది విజయవాడ ఇంటి అప్‌లోడ్. అందరూ డౌన్‌లోడే చూసుకుంటారు. మీ ఆట వీడియో అక్కడి నుంచి బయటికి వస్తోంది, అంటే అక్కడి అప్‌లోడ్ మీద. ఇంట్లో క్లౌడ్‌కి రికార్డ్ చేసే సీసీ కెమెరాలు ఉన్నాయా? నాన్నగారి ఫోన్ రాత్రిపూట ఫొటోలు, వాట్సాప్ వీడియోలు బ్యాకప్ చేస్తోందా? అవి మొదలైనప్పుడు రౌటర్ తన లోపల పెద్ద క్యూ కట్టేస్తుంది. సంక్రాంతికి ముందు రోజు పంతంగి టోల్‌గేట్ చూశారుగా, నాలుగు వరుసల రోడ్డు ఉండీ అంబులెన్స్ కూడా కార్ల వెనకే ఆగుతుంది. మీ ఆట ప్యాకెట్ల పరిస్థితి అదే. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. 2010, 11 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు ఈ పేరు పెట్టి గట్టిగా మాట్లాడేదాకా రౌటర్ కంపెనీలు మెమరీ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనుకునేవి. ఖాళీ నెట్‌లో పింగ్, నిండా వాడుతున్నప్పుడు పింగ్ రెండూ చూపించే పరీక్షలు ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ స్పీడ్ టెస్ట్ పేజీ ఆ రెండూ ఇస్తుంది. ఖాళీగా 10 ఉన్నది లోడ్‌లో 200 అయితే దొంగ దొరికినట్టే.

దీనికి పూర్తి మందు రౌటర్‌లో ఎస్‌క్యూఎం అనే, క్యూని అదుపులో ఉంచే సదుపాయం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగల రౌటర్‌లో కేక్ అనే పద్ధతిని ఎంచుకుని, వేగాన్ని అసలు వేగం కంటే కొంచెం తక్కువకి, ఒక పది శాతం తక్కువకి కట్టేస్తే క్యూ కట్టడం ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన పెట్టెలో ఇది సాధారణంగా ఉండదు. అంత శ్రమ ఎందుకనుకుంటే బ్యాకప్‌లను తెల్లవారుజామున జరిగేట్టు పెట్టి, కెమెరాల రిజల్యూషన్ ఒక మెట్టు దించండి. నెట్ కంపెనీల స్థాయిలో దీనికి ఎల్4ఎస్ అనే కొత్త ప్రమాణం వచ్చింది. 2023 జనవరిలో దాన్ని ప్రచురించారు, 2025లో అమెరికాలో కామ్‌కాస్ట్ కొన్ని ఊళ్లలో మొదలుపెట్టింది. మన దాకా వచ్చేలోపు ఆట ఆపుకోలేం కాబట్టి పై రెండింట్లో ఒకటి చేయండి.

నెట్ అంతా బాగుండి కూడా ఆట తడబడితే మూన్‌లైట్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఎస్ నాలుగూ కలిపి నొక్కండి. ఒక మూల అంకెలు వస్తాయి. హోస్ట్ ప్రాసెసింగ్ లేటెన్సీ అంటే మీ డెస్క్‌టాప్ బొమ్మని పట్టుకుని కుదించడానికి తీసుకున్న సమయం. అది 10 లోపు ఉండాలి. 20, 30 అవుతుంటే ఆట మీ 3060ని నూటికి నూరు శాతం పిండేస్తోంది, ఎన్‌కోడింగ్ కోసం బొమ్మను అందుకోవడానికి కూడా సందు ఇవ్వడం లేదు. ఆటలో ఫ్రేములు 60 దగ్గర ఆపేసి, గ్రాఫిక్స్ అల్ట్రా నుంచి హైకి దించండి. కుదించిన వీడియోలో ఆ తేడా కంటికి ఆనదు. యావరేజ్ డీకోడింగ్ టైమ్ అనేది మీ లాప్‌టాప్ పని. అది 5 లోపు ఉంటే బాగున్నట్టు, 16 దాటితే లాప్‌టాప్ అందుకోలేకపోతోంది. ఇంటెల్ 6వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లకు హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో కుదించిన వీడియోని చిప్‌లోనే విప్పే సదుపాయం ఉంది. అంతకంటే పాతదైతే పాత పద్ధతి హెచ్.264 ఎంచుకోండి. ఇంకా కొత్త పద్ధతి ఏవీ1 గురించి ఎక్కడైనా చదివి ఆశపడకండి, 3060 ఏవీ1ని చదవగలదు గానీ తయారు చేయలేదు, దానికి 40 సిరీస్ కార్డు కావాలి. లాప్‌టాప్‌ని చార్జర్‌కి పెట్టి ఆడండి. బ్యాటరీ సేవర్‌లో డీకోడింగ్ నెమ్మదించడం నేను చాలాసార్లు చూశాను.

డ్రాప్డ్ బై నెట్‌వర్క్ అనే అంకె సున్నాకి దగ్గరగా లేకపోతే బిట్‌రేట్ (సెకనుకు పంపే వీడియో డేటా) 20 ఎంబీపీఎస్ నుంచి 12కి, అవసరమైతే 10కి తెచ్చి చూడండి. ఇది అందరూ ఆఖరున చేస్తారు, నేనైతే మొదట చేస్తాను. బొమ్మ కొద్దిగా మెత్తబడుతుంది, ఆట మాత్రం సాఫీగా వెళ్తుంది. గడ్డి, వాన, పొగ ఎక్కువ ఉన్న ఆటల్లో చదరాలు చదరాలుగా కనిపిస్తే 720పీకి దించి అదే బిట్‌రేట్ ఉంచండి. మీ లాప్‌టాప్ స్క్రీన్ మీద తక్కువ బిట్‌రేట్ 1080పీ కంటే అదే బాగుంటుంది.

డెస్క్‌టాప్ వైపు ఇంకో చిక్కు: ఇంట్లో ఎవరూ లేనప్పుడు అది ఎలా లేవాలి? రోజంతా ఆన్‌లో ఉంచితే, ఊరికే కూర్చున్న డెస్క్‌టాప్ 60 వాట్లు తిన్నా నెలకి 43 యూనిట్లు. మీరు రోజుకి రెండు గంటలు 300 వాట్లతో ఆడినా 18 యూనిట్లే. ఆడిన దానికంటే ఆడనప్పటి బిల్లు ఎక్కువ, అమ్మగారు ఊరుకోరు. స్లీప్‌లో ఉంచి వేక్ ఆన్ లాన్‌తో, అంటే నెట్‌వర్క్ మీద సంకేతం పంపి లేపండి. ఆ లేపే సంకేతం టెయిల్‌స్కేల్ గుండా నేరుగా వెళ్లదు. ఇంటి రౌటర్‌లోనే ఆ సదుపాయం ఉందేమో చూడండి, లేదా ఎప్పుడూ ఆన్‌లో ఉండే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న పరికరం ఒకటి అక్కడ పెట్టి దాని నుంచి పంపండి. కరెంటు పోయి వస్తే పీసీ దానంతట అదే ఆన్ అయ్యేట్టు బయాస్‌లో సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉండాలి. మానిటర్ ఆపేస్తే కొన్ని పీసీల్లో పట్టుకోవడానికి స్క్రీనే ఉండదు, నల్ల తెర వస్తుంది. హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ అని చిన్న ముక్క దొరుకుతుంది, అది గుచ్చితే మానిటర్ ఉన్నట్టే అనుకుంటుంది. మానిటర్ 144 హెర్ట్జ్, మీ లాప్‌టాప్ 60 హెర్ట్జ్ అయితే రెండూ కుదరక చిన్న చిన్న కుదుపులు వస్తాయి. స్ట్రీమ్ మొదలైనప్పుడు 60 లేదా 120కి మారేట్టు పెట్టండి.

ఇక క్లౌడ్ చందా, అంటే కంపెనీ సర్వర్‌లో నడిచే ఆటని నెట్ మీద ఆడటం. మూడు పింగ్‌లలో మొదటిదే ఎగురుతుంటే క్లౌడ్‌కి వెళ్లినా మీకు ఒరిగేదేమీ లేదు. వాళ్ల వీడియో కూడా అదే హాస్టల్ వైఫై మీద రావాలి. ఎన్‌విడియా తన క్లౌడ్ సర్వీసు జీఫోర్స్ నౌకి 1080పీ, 60 ఫ్రేములకు 25 ఎంబీపీఎస్ కావాలంటుంది, డేటా సెంటర్‌కి పింగ్ 80 లోపు ఉండాలి, 40 లోపు ఉంటే మంచిదంటుంది. మీ అప్‌లోడ్ బాధ, కరెంటు బాధ మాత్రం తప్పుతాయి. నాకు క్లౌడ్ మీద ఉన్న అభ్యంతరం వేరే. ఈ వ్యాపారం చరిత్ర చూడండి. ఆన్‌లైవ్ 2010లో అమెరికాలో మొదలైంది, 2012లో కుప్పకూలి చేతులు మారింది, 2015 ఏప్రిల్‌లో పేటెంట్లను సోనీ కొనుక్కుంది, సర్వీసు మూతపడింది. గైకాయ్ అనే ఇంకో సర్వీసుని సోనీ 2012లో 38 కోట్ల డాలర్లకు కొని ప్లేస్టేషన్ నౌగా మార్చింది. గూగుల్ స్టేడియా 2019 నవంబర్‌లో వచ్చింది, 2023 జనవరి 18న ఆగిపోయింది. ఇండియాకి రానేలేదు. స్టేడియా టెక్నాలజీ చెడ్డది కాదు, నిజానికి చాలా బాగుండేది. కానీ ఆటలను పూర్తి ధరకి వాళ్ల దగ్గరే కొనాలి, అవి వాళ్ల సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా నడవవు. మూసేటప్పుడు గూగుల్ డబ్బులు వెనక్కి ఇచ్చింది కాబట్టి జనం బతికిపోయారు. అందరూ అలా ఇస్తారని నమ్మకం పెట్టుకోలేం.

ఈ వ్యాపారం ఎందుకు అంత కష్టమంటే, సినిమా ఒకసారి కుదించి పెడితే లక్ష మందికి పంచవచ్చు. ఆటలో ఆడే ప్రతి మనిషికీ ఆ గంటసేపు గ్రాఫిక్స్ కార్డో, దాంట్లో ఒక వాటానో విడిగా కేటాయించాలి. అందరూ ఆడేది రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు. దూరం పెంచితే లాగ్ కాబట్టి వేరే దేశంలో పగలు ఖాళీగా ఉన్న కార్డుని మనకి ఇవ్వలేరు. అందుకే క్యూలు, అందుకే గంటల లెక్క. జీఫోర్స్ నౌ కూడా 2025 జనవరి నుంచి కొత్త చందాదారులకు నెలకి 100 గంటల పరిమితి పెట్టింది. వారానికి నాలుగు రోజులు ఆడేవాళ్లకి అది చాలు లెండి.

చందా కట్టాలనే అనుకుంటే ఆట ఎవరి దగ్గర ఉంటుందో చూసుకుని కట్టండి. జీఫోర్స్ నౌ మీరు స్టీమ్‌లోనో ఎపిక్‌లోనో కొన్న ఆటలనే తమ కార్డు మీద నడుపుతుంది. రేపు సర్వీసు పోయినా ఆట మీ ఖాతాలో ఉంటుంది. కాకపోతే అన్ని ఆటలూ దొరకవు. 2020 ఫిబ్రవరిలో యాక్టివిజన్ బ్లిజార్డ్, బెథెస్డా తమ ఆటలను దాంట్లోంచి తీయించేశాయి. ఇండియాలో సొంత సర్వర్లతో వస్తామని ఎన్‌విడియా 2025 జనవరిలో ప్రకటించింది. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ 2025 నవంబర్‌లో ఇండియాకి వచ్చింది, గేమ్ పాస్ చందాతో పాటే వస్తుంది. దాంట్లో ఎక్కువగా చందా ఉన్నన్నాళ్లు ఆడుకునే ఆటలే. జియోగేమ్స్‌క్లౌడ్ 2022 నుంచి ఉంది. ఏదైనా ఒక నెలకే కట్టండి, ఏడాదికి ఒకేసారి కట్టకండి. కట్టేముందు రాత్రి తొమ్మిదికి మీ హాస్టల్ నుంచి పరీక్షించండి.

మీరు ఏ ఆటలు ఆడతారో చెప్పలేదు. విచర్ 3, సైబర్‌పంక్, సివిలైజేషన్, ఫోర్జా లాంటివైతే పైన చెప్పినవి సరిచేసుకుంటే హాయిగా ఆడుకోవచ్చు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి పోటీ షూటర్లయితే ఏ స్ట్రీమింగూ వద్దు. అవతలివాడికి లేని 40 మిల్లీసెకన్లు మీ నెత్తిన పెట్టుకుని దిగుతున్నట్టు. క్రికెట్ గేముల్లో బౌలింగ్ ఫర్వాలేదు, బ్యాటింగ్ టైమింగ్ దగ్గర మొదటి రెండు రోజులు అవుట్ అవుతూనే ఉంటారు. ఫైటింగ్ గేమ్‌లు కూడా అంతే.

లక్ష రూపాయల లాప్‌టాప్‌కి నేను ఒప్పుకునేది రెండు సందర్భాల్లో: మీరు ఆడేవి పోటీ షూటర్లయితే, లేదా హాస్టల్‌లో కేబుల్‌కి ఒప్పుకోక, 5జీ కూడా సరిగా రాకపోతే. ఆ డబ్బుకి వచ్చే లాప్‌టాప్ కార్డు పేరు పెద్దగా ఉన్నా, దానికి అందే కరెంటు తక్కువ కాబట్టి మీ డెస్క్‌టాప్‌ని మరీ మించిపోదు. మించినా దాని ఫ్యాన్ మోతకి రూమ్మేట్ నిద్ర చెడుతుంది. డెస్క్‌టాప్‌నే హాస్టల్‌కి తెచ్చుకోవచ్చు కదా అని అడగబోయాను, పీజీ మంచం పక్కన దానికి చోటుండదని గుర్తొచ్చి ఆగాను.

ఈ రాత్రి తొమ్మిదిన్నరకి ముందు టెయిల్‌స్కేల్ స్టేటస్, తర్వాత మూడు పింగ్‌లు, చివరికి బిట్‌రేట్ 12తో ఒక అరగంట ఆట. మూన్‌లైట్ అంకెలు కనిపించేట్టు ఫోన్‌తో ఒక ఫొటో తీసి, లాప్‌టాప్ ప్రాసెసర్ మోడల్, రెండు చోట్లా ఏ కంపెనీ నెట్టో కూడా రాసి ఇక్కడే పెట్టండి. ఫొటోలో మీ పబ్లిక్ ఐపీ కనిపిస్తే చెరిపేసి పెట్టండి.